దేన్లో గొప్ప?

నల్లమాడ బస్టాండు దగ్గర టీ బంకులో గ్లాసు అందుకుంటూ ఎవరైనా కొత్త మనిషి "దేశం ఎట్లుందన్నా?" అని అడిగితే, "ఈసారి గట్టిగానే ఉండాదిలే సామీ" అని జవాబు రావచ్చు. అడిగినాయన మనసులో ఉన్నది ధరలో, సరిహద్దులో, ఢిల్లీనో. చెప్పినాయన మనసులో ఉన్నది సైకిలు గుర్తు. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీ పుట్టింది. హెడ్డింగులో చోటు చాలక పత్రికలు దాన్ని 'దేశం'గా కత్తిరించాయి. పార్టీ పెట్టిన ఎన్టీ రామారావు 1985 నుంచి వరసగా మూడుసార్లు గెలిచింది ఈ రాయలసీమలోని హిందూపురం నుంచే. నల్లమాడ కూడా 2009 ఎన్నికలకు ముందు నియోజకవర్గాల హద్దులు మారేదాకా ఒక అసెంబ్లీ స్థానం. అందుకే ఇక్కడ దేశమంటే ముందు ఎన్నికలు, తర్వాతే భూగోళం.

మాట ఒకటే గానీ లోపల గదులు చాలా ఉన్నాయి. పెళ్ళి మాటలు చెడితే "పిల్లలకు దేశం గొడ్డుపోయిందా?" అంటారు. కరువులో ఇంటికి తాళం వేసి వెళ్ళినవాడు దేశాలు పట్టిపోయినట్టు లెక్క. ఏ పనీ లేక తిరిగేవాడు దేశదిమ్మరి. ఈ మాటల్లో ఎంత వెతికినా జెండా కనిపించదు, పటం కనిపించదు. పొలిమేర దాటాక మొదలయ్యే జాగాయే దేశం. ఇంట్లో లేనిది అక్కడ దొరకొచ్చు, దొరక్కపోనూ వచ్చు. పాత మాటలు తయారు చేసినవాళ్ళకు దేశం గొప్పదా కాదా అన్న బెంగ ఉన్నట్టు లేదు. అది గొడ్డుపోయిందా లేదా అన్నదే వాళ్ళ బెంగ.

అలాంటి ఊళ్ళో ఆగస్టు 15 దగ్గరపడుతుంటే బడిపిల్లలు ఉపన్యాసం బట్టీ పడతారు. ప్రపంచంలోకెల్లా గొప్ప దేశం మనది అని మొదలవుతుంది. అదే వారం పెద్దవాళ్ళ ఫోన్లలో ఇంకో వీడియో తిరుగుతుంది. అందులో ప్రపంచంలోకెల్లా గొప్ప దేశం ఒకసారి అమెరికా, ఒకసారి జపాన్, ఈమధ్య ఎక్కువగా ఫిన్లాండ్. పిల్లవాడి మాటా వీడియో మాటా ఒకే రోజు చెవిన పడితే లోపల ఏదో గీరుకుంటుంది. ఎవరో అబద్ధం చెబుతున్నారని కాదు. వాక్యంలో ఒక మాట తగ్గినట్టుంటుంది, పప్పులో ఉప్పు తగ్గినట్టు. ఏమిటా మాట?

అది కదిరి అవతల గూటిబైలు దగ్గర నేల మీద పరుచుకుని ఉంది. తిమ్మమ్మ మర్రిమాను. సుమారు అయిదెకరాల నీడ, వెయ్యికి పైగా ఊడలు. 15వ శతాబ్దంలో తిమ్మమ్మ అనే ఆమె భర్త చితిలో సహగమనం చేసిందనీ, ఆ చితికి పాతిన గుంజల్లో ఒకటి చిగిర్చి ఈ మానైందనీ స్థానికుల నమ్మకం. బెంగళూరు పాత్రికేయుడు రిగ్రెట్ అయ్యర్ పట్టుబట్టి లోకానికి చూపించాక 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. (పత్రికలు తిప్పికొట్టిన 'రిగ్రెట్' చీటీలను పోగేసి, చివరికి ఆ మాటనే పేరుగా పెట్టుకున్న మనిషాయన. గొప్పల పట్టికలో ఒక చెట్టుకు చోటు ఇప్పించినవాడు తిరస్కారాలను దాచుకున్నవాడే కావడం బాగుంది.)

గిన్నిస్ వాళ్ళు దాన్ని ప్రపంచంలోకెల్లా గొప్ప చెట్టని రాయలేదు. కొమ్మలు కప్పిన విస్తీర్ణంలో పెద్దదని రాశారు. ఎత్తు చూడాలంటే కాలిఫోర్నియా అడవిలో హైపీరియన్ అనే రెడ్‌వుడ్ దగ్గరికి పోవాలి, అది 115 మీటర్లు దాటింది. మాను ఘనపరిమాణం చూడాలంటే అదే రాష్ట్రంలో జనరల్ షెర్మన్ అనే సెకోయా ఉంది. ఒకే వేరు నుంచి లేచిన వేలాది కాండాలను ఒక్క ప్రాణంగా లెక్కగట్టి తూచితే యూటా రాష్ట్రంలోని పాండో ముందు నిలుస్తుంది. హౌరా బొటానికల్ గార్డెన్‌లో ఉన్న మహా మర్రిది మరో కథ. రోగం పట్టిన దాని అసలు మొదలును 1925లో తీసేశారు, ఊడల మీదే ఇప్పటికీ బతుకుతోంది. మొదలు లేని చెట్టును ఎక్కడ నుంచి కొలవాలి? చెట్లను కొలిచేవాళ్ళు ఇలాంటి చిక్కులన్నీ పడి, 'దేన్లో' అన్నది తేలాకే గొప్ప మాట ఎత్తుతారు. దేశాల దగ్గరికి వచ్చేసరికి ఆ ఒక్క మాటే ఎగిరిపోతుంది.

దేశాలను 'దేన్లో' అని అడిగి కొలిచినవాళ్ళూ ఉన్నారు. పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబుల్ హక్ 1990లో మానవాభివృద్ధి సూచీని తెచ్చాడు. ఆయుష్షు, చదువు, ఆదాయం కలిపి ఒక్క అంకె. ఆయన స్నేహితుడు అమర్త్యసేన్‌కు బతుకును ఒక్క అంకెలోకి కుక్కడం మొదట్లో నచ్చలేదు. 2025 ఐక్యరాజ్యసమితి నివేదికలో ఆ సూచీ ప్రకారం మొదటిది ఐస్‌లాండ్, 193 దేశాల్లో భారత్ స్థానం 130. ఐస్‌లాండ్ జనం నాలుగు లక్షల లోపే. నల్లమాడ ఉన్న 32 మండలాల శ్రీసత్యసాయి జిల్లాలో 2011 లెక్కలకే 18 లక్షలకు పైగా ఉన్నారు. అంటే ఈ జిల్లాలో ఆరేడు మండలాల జనం కలిస్తే ఒక ఐస్‌లాండ్. చిన్న సంసారం కాబట్టి దిద్దుకోవడం సులువని తీసిపారేయొచ్చా? ఆ మాట అనగానే చిన్నగానే ఉండి చితికిపోయిన దేశాలు పది గుర్తొచ్చి నోరు కట్టేస్తాయి.

ఫిన్లాండ్ కొలత ఇంకా తమాషా. 2012 నుంచి వస్తున్న ప్రపంచ ఆనంద నివేదికలో అసలు పరికరం ఒక నిచ్చెన. కింద సున్నా, పైన పది. ఊహించగలిగినంతలో మంచి బతుకు పై మెట్టు మీద, చెడ్డ బతుకు అడుగున. నువ్వు ఇప్పుడు ఏ మెట్టు మీద ఉన్నావు అని అడుగుతారు. 2018 నుంచి 2025 దాకా వరసగా ఎనిమిదిసార్లు ఫిన్లాండే మొదటిది. 2025లో వాళ్ళ సగటు 7.7, భారత్ సగటు 4.4.

మెట్ట రైతును ఏ మెట్టు మీద ఉన్నావని అడగడమే ఒక విడ్డూరం. ఏ నెలలో అడుగుతున్నారన్నది ముఖ్యం. అనంతపురం పీఠభూమికి ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి మేఘం పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుని తేలికై వస్తుంది. ఈశాన్య మేఘం తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి తడి ఆరిపోతుంది. రెండు రుతుపవనాలకూ ఇది చివరి బస్‌స్టాపు. పదును చూసి శనక్కాయ విత్తిన జూన్‌లో అడిగితే రైతు ఆరో మెట్టు అనొచ్చు. ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తే అదే మనిషి ఆగస్టులో రెండో మెట్టు దగ్గర కూర్చుని ఉంటాడు. (మర్రికీ శనక్కాయకూ ఊడలే. ఒకదానివి అయిదెకరాలు కమ్మాయి, ఇంకొకదానివి నేలలోకి దిగకపోతే ఇంటిల్లిపాదీ బెంగళూరు బస్సెక్కాలి.) ఇతన్ని ఫిన్లాండ్ మనిషి పక్కన నిలబెట్టి ఇద్దరికీ ఒకే నిచ్చెన వేయడంలో న్యాయం ఉందా?

ఉందనే అనిపిస్తుంది, ఫిన్లాండ్ పాత కథ తెలిశాక. 1866 నుంచి 1868 దాకా ఆ దేశంలో ఘోరమైన కరువు. చలికాలం ఎంతకీ పోలేదు, పంటను మంచు కొట్టేసింది, జనాభాలో సుమారు 8 శాతం చనిపోయారు. పైన్ చెట్టు బెరడు లోపలి పొరను దంచి, పిండిలో కలిపి రొట్టెలు చేసుకున్నారు. అప్పట్లో అది రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉన్న ఒక బీద మూల. ఇప్పుడు నిచ్చెన చివర కూర్చున్నది ఆ బెరడు రొట్టె తిన్నవాళ్ళ మునిమనవల పిల్లలే.

సరిగ్గా పదేళ్ళకు ఇక్కడ ధాత కరువు వచ్చింది. 1876–78. అప్పటికి అనంతపురం జిల్లా పుట్టలేదు, 1882 దాకా ఇదంతా బళ్ళారి జిల్లా కిందే ఉండేది. మద్రాసు రాజధాని అంతటా జనం రాలిపోతున్న వేళ, 1877 జనవరి 1న వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో దర్బారు తీర్చి విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా చాటించాడు. రోజుల తరబడి విందులు. ఆ ఏడాది ప్రపంచంలోకెల్లా గొప్ప దేశం ఏది అని ఏ బడిలో అడిగినా ఇంగ్లండు అనే చెప్పి ఉంటారు. ఓడల్లో గొప్పదే, వ్యాపారంలో గొప్పదే, రైళ్ళలో గొప్పదే. కరువు పనుల దగ్గర రాళ్ళు కొట్టే మగమనిషికి ఆ గొప్ప దేశం కొంతకాలం కట్టిన కూలి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా. పౌనంటే అరకిలోకు తక్కువే. ఆ కరువులో దేశం మొత్తమ్మీద పోయినవాళ్ళు 50 లక్షలకు పైనే అని అంచనా.

కొలబద్ద ఎవరి చేతిలో ఉందన్నది ఇక్కడే తేలిపోతుంది. దర్బారులో కూర్చుని కొలిస్తే ఒక ఇంగ్లండు, రాళ్ళ గుట్ట దగ్గర నిలబడి కొలిస్తే మరో ఇంగ్లండు. రెండూ నిజమే కదా అని సమన్వయం చేయడం మర్యాదగా ఉంటుంది గానీ, అన్నీ సమానమే అనే ఆ మాటలో కొంత పిరికితనం కూడా ఉంది. అంతకన్నా తెగించి చెప్పవచ్చు. చెడ్డ ఏడాదిలో, ఊరి చివరి ఇంటికి ఏమిచ్చిందన్నదే దేశానికి పెట్టాల్సిన మొదటి పరీక్ష. మిగతావన్నీ తర్వాతి పేపర్లు.

ఆ పరీక్ష ఈ నేల మీద చాలాసార్లు జరిగింది. 1950ల మొదట్లో రాయలసీమ కరువుకు గంజి కేంద్రాలు తెరిచారు. ఆ గంజి కోసం నిలబడిన వరస జ్ఞాపకం ఇక్కడి ముసలివాళ్ళ మాటల్లో చాలాకాలం నిలిచింది. ఈ సీమ పేదరికాన్ని విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట'లో కావ్యం చేశాడు. ఆయనదీ ఈ అనంతపురం గడ్డే. గంజి ప్రాణం నిలిపింది, నిజమే. అయినా గంజి పోసేవాడు నిలబడి ఉంటాడు, తాగేవాడు చెయ్యి చాచి ఉంటాడు. ఆ చాచిన చేతిని కాస్త దించిన రోజు 2006 ఫిబ్రవరి 2. నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చి జాతీయ ఉపాధి హామీ పథకాన్ని మొదలుపెట్టారు. పల్లె కుటుంబానికి ఏడాదికి నూరు రోజుల పని, అడిగితే ఇవ్వాల్సిందే అని అప్పటి చట్టం. దయ కాదు, బాకీ. కూలి ఆలస్యం, మస్టర్ల మాయ, ఎండలో తట్ట మోత, అన్నీ ఉండేవి. వలస బస్సులూ ఆగలేదు. అయినా 1877 పౌను ధాన్యం పక్కన దీన్ని పెట్టి చూస్తే, ఆ నాటి 'గొప్ప' సామ్రాజ్యం కంటే ఈ బీద గణతంత్రం ఈ ఒక్క సంగతిలో పెద్దదని ఒప్పుకోక తప్పదు. ఈ ఒక్క సంగతిలో. మిగతా పేపర్ల మార్కులు ఇందులో కలపకూడదు.

గొప్పకు తేదీ కూడా ఉంటుందేమో. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, అది రోమ్ అంత పెద్దదనీ, లోకంలో ఇంత సమృద్ధిగా సరుకులున్న నగరం మరొకటి లేదనీ రాసుకున్నాడు. రాసింది పరాయివాడు, కాబట్టి సొంత డబ్బా కాదు. 1565 యుద్ధం తర్వాత ఆ నగరం కూలింది, ఏలికలు పెనుకొండకు తరలివచ్చారు. ఇప్పుడు ఆ పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కొరియా కంపెనీ కియా కార్లు చేస్తోంది, 2019 నుంచి. 1953లో యుద్ధం ఆగేనాటికి బూడిద మిగిలిన దేశం దక్షిణ కొరియా. పెనుకొండ దారిలో కొరియా అక్షరాల హోటలు బోర్డులు చూసినవాడికి ఆ దేశం గొప్పదనే అనిపిస్తుంది. 2023లో అక్కడ ఒక్కో స్త్రీకి సగటున పుట్టిన పిల్లలు 0.72, ప్రపంచంలోకెల్లా తక్కువ. కార్లు కనే దేశం పిల్లల్ని కనడం మానేస్తోంది.

నల్లమాడ నుంచి పుట్టపర్తి వైపు ఒక దారి, కదిరి వైపు ఒక దారి. పుట్టపర్తి దారి పట్టి, సత్యసాయిని చూడడానికి వందకు పైగా దేశాల మనుషులు వచ్చారు. ఇటలీ వాళ్ళు, రష్యా వాళ్ళు, అర్జెంటీనా వాళ్ళు తెల్లబట్టలు కట్టుకుని, నేల మీద కూర్చుని, సాంబారన్నం తిన్నారు. 1991లో అక్కడ ఉచితంగా గుండె ఆపరేషన్లు చేసే పెద్దాసుపత్రి లేచింది. దానికి గీత గీసింది బ్రిటిష్ వాస్తుశిల్పి కీత్ క్రిచ్‌లో, పెద్ద విరాళమిచ్చింది హార్డ్ రాక్ కేఫ్ స్థాపకుల్లో ఒకడైన అమెరికన్ ఐజాక్ టిగ్రెట్. ఆ తర్వాత సత్యసాయి ట్రస్టు పాత అనంతపురం జిల్లాలో 700కు పైగా గ్రామాలకు తాగునీటి గొట్టాలు వేసింది. వీడియోలు గొప్పవని చెప్పే దేశాలన్నిటి నుంచీ మనుషులు ఇక్కడికే వచ్చారు, అక్కడ దొరకనిదేదో వెతుక్కుంటూ.

కదిరి దారి పట్టినవాళ్ళలో కొందరు ఆడవాళ్ళు కువైట్ చేరారు. ప్రపంచంలో అన్నిటికన్నా విలువైన కరెన్సీ కువైట్ దీనారు, మన 280 రూపాయలకు పైమాటే. కరెన్సీలో గొప్ప దేశం. అరబ్బు ఇంట్లో ఖద్దామాగా, అంటే పనిమనిషిగా, చేరిన ఆమెకు తెలిసిన కువైట్ ఒక వంటిల్లు, ఒక ఇస్త్రీ బల్ల, పిల్లవాడి ఉయ్యాల, యజమాని దగ్గర ఉండిపోయిన పాస్‌పోర్టు. ఇంటిపని చేసేవాళ్ళ హక్కుల కోసం ఆ దేశం చట్టం చేసింది 2015లో. అలాగని కువైట్‌ను తిట్టిపోయమంటే ఆమె ఒప్పుకోదు. "ఆ దుడ్లతోనే కదన్నా మిద్దె వేసుకుండేది, పాపను చదివించుకుండేది" అంటుంది. ఆమెకు అది గొప్ప దేశమా కాదా? ఈ ప్రశ్నకు అవునూ కాదూ రెండూ ఆమె ఒకే ఊపిరిలో చెప్పగలదు. ఐక్యరాజ్యసమితి నివేదికకు అంత వీలు లేదు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లోకి వచ్చాయి. లోకంలోకెల్లా ఖరీదైన ఆ నోటు చూస్తుండగానే చెల్లని కాగితమైంది. అమ్మాన్ నుంచి విమానాల మీద విమానాలు నడిపి భారత ప్రభుత్వం సుమారు 1,70,000 మందిని వెనక్కు తెచ్చింది. తిండికి లేక దేశాలు పట్టిపోయినవాళ్ళను వెతికి తెచ్చింది, ముందు వాళ్ళకు తిండి పెట్టలేకపోయిన దేశమే. దీన్ని ఏ మెట్టు మీద కూర్చోబెట్టాలి?

గురజాడ 1910లో రాసిన 'దేశభక్తి' గేయాన్ని బడిలో ఎన్నిసార్లు పాడించినా, గొప్పలు కట్టిపెట్టి ఏదో ఒక మేలు చేసి చూపమన్న భాగం మీద ఎవరూ పెద్దగా నిలవరు.  గురజాడ ఇచ్చిన ఆ సలహాను అనంతపురంలో అక్షరాలా పాటించినవాడు తెలుగువాడు కాదు. విసెంటె ఫెర్రర్, 1920లో బార్సిలోనాలో పుట్టినవాడు. 1952లో జెసూట్ మిషనరీగా భారతదేశం వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతులతో బావులు తవ్వించాడు. 1968లో దేశం విడిచి పొమ్మన్నారు. వెళ్ళాడు, మరుసటి ఏడాదే తిరిగొచ్చాడు. వచ్చి, దిగడానికి ఎంచుకున్న చోటు అనంతపురం. గ్రామీణాభివృద్ధి ట్రస్టు అలా పుట్టింది. బడులు, ఇళ్ళు, ఆసుపత్రులు, చెక్‌డ్యాములు లేచాయి. వాటికి డబ్బు ఎక్కువగా స్పెయిన్‌లో నెలకింత అని పంపే మామూలు ఉద్యోగుల నుంచి, దుకాణదారుల నుంచి వచ్చింది. అనంతపురం ఎక్కడుందో వాళ్ళలో చాలామంది పటంలో వెతుక్కుని ఉండాలి.

స్పెయిన్ ఆయన్ను గొప్పవాడంది, 1998లో అక్కడి అస్తూరియాస్ యువరాజు పురస్కారం ఇచ్చింది. భారతదేశం ఒకసారి పొమ్మంది, ఇంకోసారి రమ్మంది. ఏ దేశం గొప్పదని ఆయన్ను ఎవరైనా అడిగి ఉంటే ఏమనేవాడోగానీ, 2009 జూన్ 19న అనంతపురంలోనే కన్నుమూశాడు. కదిరి నుంచి అనంతపురం వెళ్ళే దారిలో, బత్తలపల్లిలో ఆయన సమాధి ఉంది.